బాధను ఏ పుస్తకంలో రాసుకోవాలి? డైరీ మొదలుపెట్టాలనుకునే వారికి ఎంపిక సలహా

జనవరి వచ్చిందంటే మా కోనసీమలో ఇంటింటికీ ఒకటో రెండో డైరీలు చేరతాయి. ఎరువుల కొట్టువారు ఒకటి ఇస్తారు, బీమా ఏజెంటు ఒకటి తెచ్చిపెడతాడు. వాటిలో పాల లెక్క, కొబ్బరి దింపు కూలీ, ధాన్యం బస్తాల సంఖ్య, కాలువకు నీళ్లు వదిలిన తేదీ రాసుకుంటారే తప్ప, మనసులోని మాట రాసుకునే అలవాటు మా వైపు తక్కువ. అందుకే మొన్న మా వీధి చివరి ఇంటి అమ్మాయి వచ్చి, "టీచరుగారండీ, మనసు బాగోనప్పుడు రాసుకోవడానికి ఏ డైరీ కొనమంటారండీ?" అని అడిగినప్పుడు నాకు సంతోషం కలిగింది, వెంటనే సమాధానం మాత్రం తోచలేదు. ముప్పై ఏళ్లుగా నేను రాసుకుంటున్నాను. ఆ రాత వల్ల కొన్నిసార్లు గుండె బరువు దిగింది, కొన్నిసార్లు ఉన్న బరువు రెట్టింపయింది. ఆ తేడా పుస్తకం వల్ల వచ్చినది కాదని, ఏ బాధకు ఏ రకం రాతను ఎంచుకున్నాను అన్నదాన్ని బట్టి వచ్చిందని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ అమ్మాయికి కూర్చోబెట్టి చెప్పిన మాటలనే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసినది

రాసుకునేవారిని కలచివేసే బాధలు నాకు తెలిసినంతలో మూడు రకాలు. గడిచిపోయిన సంఘటన మిగిల్చిన బాధ ఒకటి: తండ్రి మరణం, తుఫానుకు నేలకూలిన తోట, విడిపోయిన కాపురం. ఇంకా నడుస్తున్న కష్టం రెండవది: రొయ్యల చెరువు మీద పెరుగుతున్న అప్పు, కువైట్‌లో ఉన్న భర్త, మూడేళ్లుగా మంచాన ఉన్న అత్తగారి సేవ. మూడవది పైకి కనిపించనిది: నల్లగా ఉన్నాననో, పరీక్ష తప్పాననో, పిల్లలు కలగలేదనో తనను తాను తక్కువ చేసుకుంటూ బతకడం. ఒకే మనిషిలో మూడూ ఉండవచ్చు, కానీ ఈ నెలలో రాత్రి నిద్ర పట్టనివ్వనిది వాటిలో ఏదో ఒకటే అయి ఉంటుంది. దానిని పట్టుకొని రాత పద్ధతిని ఎంచుకోవాలి.

గడిచిపోయిన దానికి: నాలుగు రోజుల రాత

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరురాలు సాండ్రా బీల్‌తో కలిసి 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. కళాశాల విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించారు. కొందరిని మామూలు విషయాల గురించి రాయమన్నారు. మిగిలినవారిని తమ జీవితంలో అన్నిటికన్నా గాయపరచిన సంఘటన గురించి రాయమన్నారు. వారిలోనూ కొందరు జరిగినదాన్ని మాత్రమే రాశారు, కొందరు అప్పటి భావాలను మాత్రమే రాశారు, కొందరు రెండింటినీ కలిపి రాశారు. రెండూ కలిపి రాసినవారు రాసిన వెంటనే ఎక్కువ దిగులుపడ్డారు గానీ, తరువాతి నెలల్లో అనారోగ్యంతో కళాశాల వైద్య కేంద్రానికి వెళ్లవలసి రావడం వారికి తగ్గింది. జరిగినదాన్ని మాత్రమే రాసినవారికి ఆ మేలు కనిపించలేదు.

ఈ చివరి మాట చదివినప్పుడు నాకు మా నాన్నగారి 1996 డైరీ గుర్తుకు వచ్చింది. ఆ సంవత్సరం నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమను తుడిచిపెట్టింది. మరుసటి రోజు పేజీలో ఆయన చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది: "చెట్లు 116 పడినవి. పశువుల సావిడి లేదు. బియ్యం రెండు బస్తాలు తడిసినవి." ఆ తరువాత ఎనిమిది పేజీలు ఖాళీగా ఉన్నాయి. తొమ్మిదో పేజీలో ఎరువుల కొట్టు బాకీ, వడ్డీతో సహా ఉంది. తాను నాటిన చెట్లు నేల మీద పడి ఉంటే ఆయనకు ఏమనిపించిందో ఏ పేజీలోనూ లేదు. ఆ తరువాత ఆయన తోటలోకి వెళ్లడం తగ్గించారు, కారణం అడిగితే మోకాళ్ల నొప్పులు అనేవారు.

నాన్నగారు పోయిన రెండు నెలలకు నేను ఈ నాలుగు రోజుల పద్ధతిని పాటించాను. చనిపోయే ముందు రోజు రాత్రి ఆయన ఫోను చేసి, "గుండెల్లో మంటగా ఉందమ్మా" అన్నారు. జీలకర్ర నీళ్లు తాగి పడుకోమన్నాను. తెల్లవారేసరికి పరిస్థితి చేయి దాటింది, వరద రోజులు కావడంతో గోదావరి పాయల మధ్యనున్న లంకలోనుంచి పడవ మీద దాటించి ఆసుపత్రికి చేర్చడం ఆలస్యమైంది. మొదటి రోజు రాసిన మూడు పేజీల్లో "జీలకర్ర నీళ్లు తాగమన్నాను" అనే వాక్యం పదకొండుసార్లు ఉంది. రెండో రోజూ దాదాపు అంతే. మూడో రోజు ఆయన గొంతు ఎలా ఉందో రాయడానికి ప్రయత్నించాను, అప్పుడే చాలా ఏడ్చాను. నాలుగో రోజు కాగితం మీద ఈ వాక్యాలు వచ్చాయి: "ఆయన మంట అన్నారు కనుక అలా చెప్పాను. నొప్పి అని ఉంటే ఆ రాత్రే కారు మాట్లాడేదాన్ని. నన్ను కంగారు పెట్టకూడదని నొప్పిని మంట అనడం ఆయన అలవాటు." మొదటి రోజు అంతా 'ఎందుకు' అని రాసిన చేయి, నాలుగో రోజుకు 'ఎందుకంటే' అని రాసింది. రాసేకొద్దీ కారణాన్ని, అవగాహనను తెలిపే మాటలు పెరిగిన వారికే ఎక్కువ మేలు జరిగిందని పెన్నెబేకర్ తరువాతి పరిశోధనల్లో కూడా తేలింది. నా నోటు పుస్తకంలో అది కళ్లారా చూశాను కనుక నమ్ముతున్నాను.

అయినా ఈ పద్ధతి గురించి గొప్పలు చెప్పకూడదు. 2006లో 146 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు సగటున కలిగే మేలు నిజమైనదే గానీ చిన్నదని తేలింది. ఇది మందుకు బదులు కాదు. మనిషి పోయిన వారం రోజుల్లోనే దీన్ని మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. పెద్దకర్మ అయి, వచ్చిన చుట్టాలు వెళ్లిపోయి, ఇల్లు మళ్లీ తన పనిలో పడిన తరువాత కొన్ని వారాలు ఆగి మొదలుపెట్టడం మంచిది. ఏదైనా సంఘటనను తలచుకుంటేనే ఒళ్లు స్వాధీనం తప్పుతుందనిపిస్తే దానిని వదిలిపెట్టి, అంతకన్నా చిన్నదాని గురించి రాయాలి. నాలుగు రోజుల తరువాత ఆపివేయడం కూడా ఈ పద్ధతిలో భాగమే. అదే సంఘటనను నలభై రోజులు రాస్తే అది గొడ్డు నెమరు వేసినట్టు అవుతుంది, పైగా గొడ్డుకు నెమరుతో ఆకలి తీరుతుంది, మనకు తీరదు.

పంపని ఉత్తరం

బాధ సంఘటన గురించి కాక ఒక మనిషి గురించి అయితే, నాలుగు రోజుల రాత కన్నా ఉత్తరం మెరుగు. చనిపోయినవారితో చెప్పలేకపోయిన మాట, మాట పట్టింపుతో పదేళ్లుగా గడప తొక్కని అన్నగారి మీద కోపం, వదిలివెళ్లిన భర్తను అడగవలసిన ప్రశ్న, ఇవన్నీ ఒక ముఖాన్ని ఎదురుగా ఊహించుకొని రాస్తేనే బయటికి వస్తాయి. యాభై దాటినవారికి ఇది మరింత సులువు. డైరీ ముందు కలం పట్టుకొని తడబడేవారు కూడా "ఉభయకుశలోపరి" అని మొదలుపెడితే ఆ వేగంలోనే రెండు పేజీలు రాసేస్తారు, ఎందుకంటే ఆ తరానికి మనసు విప్పడం ఉత్తరాల ద్వారానే అలవాటు. అయితే ఇలాంటి ఉత్తరాన్ని కాగితం మీదే రాయాలి. వాట్సాప్‌లో రాస్తే కోపంలో వేలు జారి అది నిజంగానే వెళ్లిపోతుంది, ఆపైన పది కుటుంబాలు పంచాయితీకి కూర్చుంటాయి.

నడుస్తున్న కష్టానికి: చిన్న రాత

ఇంకా ముగియని కష్టానికి నాలుగు రోజుల రాత సరిపడదు. అప్పు తీరలేదు, రోగి మంచం దిగలేదు, భర్త ఇంకా రెండేళ్లకు గాని రాడు. అలాంటప్పుడు లోతుగా తవ్వుతూ పోతే అడుగున ఊట తప్ప గట్టి నేల తగలదు. ఇక్కడ కావలసింది రోజుకు ఐదారు వాక్యాలకు మించని, పడుకునే ముందు రాసే చిన్న రాత.

మా బంధువు ఒకరికి భీమవరం వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రి కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగుతాయి, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారేసరికి రొయ్య తేలిపోతుందన్న భయంతో ఆయన రెండు పంటల పాటు సరిగా నిద్రపోలేదు. ఆయన తన భయాల గురించి వివరంగా రాయడం మొదలుపెట్టి, వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం వస్తే ఏమవుతుంది, రొయ్య అమ్మే సైజుకు (కౌంట్‌కు) రాకముందే చెరువు పట్టవలసి వస్తే ఏమవుతుంది అని రాసుకుంటూ వెళ్లి, రాయకముందు కన్నా ఎక్కువ ఆందోళన తెచ్చుకున్నారు. తరువాత పద్ధతి మార్చి, మరునాడు చేయవలసిన పనులను మాత్రం పడుకునే ముందు ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టారు: జనరేటరుకు డీజిలు, రొయ్య మేత తిన్నదీ లేనిదీ తెలిపే చెక్‌ట్రే చూడడం, మేత కొట్టువారితో వాయిదా గురించి మాట్లాడడం. ఆయన నిద్ర మెరుగుపడింది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 57 మంది యువతీయువకులు పడుకునే ముందు ఐదు నిమిషాలు రాశారు. పూర్తిచేసిన పనుల గురించి రాసినవారి కన్నా చేయవలసిన పనుల జాబితా రాసినవారు సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. చేయవలసినది మరిచిపోతానన్న భయం కాగితం మీదికి దిగడమే దీనికి కారణం కావచ్చు.

ఆ పనుల జాబితా కింద మనసు స్థితిని కూడా ఒక గుర్తుతో రాసుకోవడం మంచిది. ఒకటి నుంచి పది వరకు మార్కులు వేసుకోమని చాలామంది చెబుతారు గానీ, నాకు ఏడుకూ ఎనిమిదికీ తేడా ఎప్పుడూ తెలియలేదు. నేను గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట లెక్కను వాడుకుంటాను. ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారని మా లంకల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మొదటి హెచ్చరికకు సామాను సర్దుకుంటాము, రెండవదానికి పశువులను గట్టుకు తోలుతాము, మూడవదానికి ఇల్లు వదిలి కదులుతాము. అలాగే డైరీలో '1' అని రాసిన రోజు పని తగ్గించుకొని త్వరగా పడుకుంటాను, '2' అని రాసిన రోజు చెల్లెలికి ఫోను చేస్తాను, '3' అని రాయవలసి వస్తే ఆ రోజు ఇక రాయను, మనిషి దగ్గరికి వెళతాను. హెచ్చరిక పేజీ మీద ఉంటే సరిపోదు, దానికి తగిన పని ఏదో ముందే నిర్ణయించుకొని ఉండాలి.

కృతజ్ఞతల డైరీ గురించి కూడా చాలామంది అడుగుతారు. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కల్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో పది వారాల పాటు వారానికి ఒకసారి, తాము కృతజ్ఞులమై ఉన్న ఐదు విషయాలు రాసిన విద్యార్థులు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి వ్యక్తం చేశారు. ఆరోగ్యంగా ఉండి, రోజువారీ చికాకుల్లో మంచిని గమనించడం మరిచిపోయినవారికి ఇది మంచి ఎంపిక, వారానికి ఒకసారి చాలు. కానీ "ఉన్నదాంతో సర్దుకుపో" అన్న మాటను పుట్టినప్పటి నుంచి వింటూ వచ్చిన స్త్రీ, భర్త చేతి దెబ్బలు తింటూ కృతజ్ఞతల జాబితా రాయడం నాకు సమ్మతం కాదు. ఆమె రాయవలసింది దెబ్బ తగిలిన తేదీ, సమయం, చూసినవారి పేర్లు. ఆ కాగితం రేపు ఆమెకు సాక్ష్యంగా పనికి వస్తుంది.

తనను తాను ఒప్పుకోవడానికి: ప్రశ్నల పేజీ, తనకు తానే రాసుకునే ఉత్తరం

మూడవ రకం బాధ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు చేసింది ఇక్కడే. నాకు పిల్లలు లేరు. ఒకప్పుడు మా దగ్గరి చుట్టాల ఇంట్లో సీమంతానికి వెళ్లాను. గాజులు తొడిగే వేళకు ఒక పెద్దావిడ నా చేతిలోని గాజుల పళ్లెం మెల్లగా తీసుకొని, "నువ్వు వంటింట్లో కాస్త పాయసం సంగతి చూడమ్మా" అన్నారు. ఆవిడ కసురుకోలేదు, నవ్వుతూనే అన్నారు. పాయసం అప్పటికే దించేసి ఉంది. ఆ రాత్రి నేను డైరీలో "నాలోనే ఏదో లోపం ఉంది" అని మొదలుపెట్టి ఆరు పేజీలు రాశాను, ఆ ఆరు పేజీలూ నాకు వ్యతిరేకంగా నేనే ఇచ్చిన వాంగ్మూలంలా ఉన్నాయి. కట్టు లేని రాత ఇలాంటి బాధకు హాని చేస్తుంది. మనసు ముందే తీర్పు చెప్పి కూర్చుంటుంది, కలం ఆ తీర్పును అందమైన అక్షరాలతో నకలు తీస్తుంది.

కొన్నేళ్ల తరువాత నేర్చుకున్న పద్ధతి ప్రశ్నల పేజీ. అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపుదిద్దిన చికిత్సా విధానంలో, మనసులో మెరిసే తీర్పుల్ని రాసి సాక్ష్యాలతో పోల్చి చూడడం ముఖ్యమైన భాగం. పేజీని నిలువుగా గీతలు గీసి భాగాలు చేసుకుంటారు. నేను ఆ సీమంతం సంగతిని అలా తిరిగి రాసినప్పుడు ఇలా వచ్చింది. జరిగినది: పళ్లెం తీసుకొని వంటింట్లోకి పంపారు. మనసులో మెదిలిన మాట: నేను అశుభాన్ని. ఆ మాటకు సాక్ష్యం: ఆవిడ నమ్మకం తప్ప మరేమీ లేదు. ఎదురు సాక్ష్యం: నా చేత అక్షరాభ్యాసం చేయించుకున్న పిల్లలు ఈ ఊళ్లో ఇంటికి ఇద్దరున్నారు. ఇదే సంగతి చెల్లెలికి జరిగితే ఏం చెబుతాను: "గాజుల పళ్లెం తీసుకున్నంత మాత్రాన నీ చేతి మంచితనం పోదే" అని చెబుతాను. ఈ చివరి గడి దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగింది, ఎందుకంటే చెల్లెలికి చెప్పగలిగిన మాటను నాకు నేను ఎన్నడూ చెప్పుకోలేదు.

ఆ చివరి గడినే పెద్దది చేస్తే తనకు తానే రాసుకునే ఉత్తరం అవుతుంది. తన పట్ల తాను దయగా ఉండడంపై 2003 నుంచి పరిశోధనలు ప్రచురిస్తున్న అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ ఇందులో మూడు అంశాలు ఉంటాయని చెప్పారు: కసరకుండా మాట్లాడుకోవడం, ఈ కష్టం తన ఒక్కరిదే కాదని గుర్తించడం, బాధను దాచకుండా, పెంచకుండా ఉన్నంతగా చూడడం. ప్రశ్నల పేజీ బుద్ధితో పని చేయిస్తుంది, ఉత్తరం ఊరట ఇస్తుంది. తర్కంతో "నిజమే" అని ఒప్పుకొని కూడా మనసు కరగనివారు ఉత్తరాన్ని ఎంచుకోవాలి. ఉత్తరం రాయబోతే వెగటుగా, నటనగా అనిపించేవారు ముందు రెండు మూడు వారాలు ప్రశ్నల పేజీతో గడపడం మేలు.

ఈ ఉత్తరానికి తెలుగు చాలా బాగా కుదురుతుంది. "ఏమే, బుద్ధి లేదా" అని మందలించినట్టు రాసుకున్న వాక్యాన్నే "అమ్మా, అలసిపోయావు కదా" అని మార్చి చూడండి. పిలుపు మారగానే కింది వాక్యం కూడా దానంతట అదే మారుతుంది. అలాగే 'నేను' బదులు 'ఆమె' అని రాయడం వల్ల బాధకూ మనకూ మధ్య కొంత దూరం వస్తుంది. తెలుగులో కర్త పేరు చెప్పనవసరం కూడా లేదు, "ఏడ్చాను" అన్నదాన్ని "ఏడ్చింది" అని మారిస్తే చాలు, ఆ ఏడ్చిన మనిషి మీద జాలి పుడుతుంది. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాయాలి. "దుఃఖము కలిగినది" అని రాస్తే దుఃఖం అక్కడే గడ్డకడుతుంది, "ఏడుపొచ్చింది" అని రాస్తే వస్తుంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. తనను తాను ఒప్పుకోవడమంటే తనకు జరిగినదాన్ని ఒప్పుకోవడం కాదు. ఆ పెద్దావిడ చేసింది తప్పే అని నా డైరీలో ఇప్పటికీ ఉంది.

కాగితమా, ఫోనా, గొంతా

మా వైపు ఇళ్లలో ఒక మనిషికంటూ విడిగా గది ఉండడం అరుదు. అందుచేత ఏది ఎంచుకున్నా ముందుగా అడగవలసిన ప్రశ్న ఎవరి కంట పడుతుంది అన్నదే. పెళ్లయిన కొత్తలో నా డైరీ ఒక బంధువు చేతికి చిక్కి, పదిమంది ముందు చదవబడింది. ఆ తరువాత రెండేళ్లు నేను ఒక్క అక్షరం రాయలేదు. రహస్యం నిలవని చోట రాసేవారు తెలియకుండానే చదివేవారి కోసం రాస్తారు, అప్పుడు రాత వల్ల మేలు ఉండదు. అలాంటి ఇంట్లో ఉన్నవారికి నా సలహా: విడి కాగితాల మీద రాసి, అదే రోజు నీళ్ల పొయ్యిలో వేయండి. నాలుగు రోజుల రాతకు, పంపని ఉత్తరానికి కాగితం మిగలవలసిన అవసరం లేదు. ప్రశ్నల పేజీకీ, రోజువారీ చిన్న రాతకూ మాత్రం వెనక్కి తిరిగి చూసుకోవడం కావాలి కనుక దాచగలిగే చోటు ఉండాలి.

ఫోనుకు తాళం ఉంటుంది, తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుంది, గల్ఫ్‌లో పదిమందితో ఒకే గదిలో ఉండేవారికి అంతకన్నా మార్గం లేదు. కానీ ఆ ఫోనును ఇంట్లో పిల్లలు కూడా వాడుతుంటే, లేదా ఒకే గూగుల్ ఖాతా రెండు ఫోన్లలో ఉంటే, మీరు ఇక్కడ రాసింది అక్కడ కనిపించే అవకాశం ఉంది. రాసే ముందు దానిని సరిచూసుకోవాలి. మరొక లోపం ఏమిటంటే, బాధ గురించి రాస్తుండగానే కొబ్బరి ధర మెసేజీ వస్తుంది. నా మటుకు నాకు మొదటి రకం బాధకు కాగితమే సరైనది, రెండవ రకం చిన్న రాతకు ఫోను సరిపోతుంది.

చదువు రానివారు, చేయి వణికేవారు గొంతు రికార్డు చేసుకోవచ్చు. మా మేనత్త తన కొడుకు వియోగాన్ని అలాగే చెప్పుకున్నారు, సాయంత్రం కొబ్బరి తోటలో ఒంటరిగా కూర్చొని. ఆవిడ వాటిని తిరిగి వినలేదు, వినమని నేనూ చెప్పలేదు. రాసినదాన్ని చదవడం కన్నా తన ఏడుపును తాను వినడం కష్టం.

ఎప్పుడు ఆపాలి

మూడు వారాలుగా అదే వాక్యం అదే మాటలతో వస్తుంటే, రాసిన ప్రతిసారీ మరునాటికి కూడా దిగులు తగ్గకపోతే, ఆ పద్ధతి మీకు సరిపడలేదని అర్థం. పద్ధతి మార్చండి లేదా కొన్నాళ్లు మానండి. నిద్ర, తిండి రెండు వారాలకు మించి చెడినా, చావు గురించిన ఆలోచన పేజీ మీదికి ఒక్కసారి వచ్చినా డైరీని నమ్ముకొని కూర్చోకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు డైరీని వెంట తీసుకువెళ్లండి. "ఎన్నాళ్లనుంచి?" అని డాక్టరు అడిగినప్పుడు మనకు గుర్తుండదు, తేదీలతో సహా పుస్తకం చెబుతుంది.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న, ఏ డైరీ కొనాలి అన్నది. తేదీలు అచ్చువేసిన పెద్ద డైరీ వద్దు. రాయని రోజుల ఖాళీ పేజీలు మనసు బాగాలేనివారిని మరింత దోషులుగా నిలబెడతాయి. బడి పిల్లలు వాడే కుట్టు నోటు పుస్తకం, పలచనిది, ఒకటి చాలు. తేదీ మీరే వేసుకోండి. జెల్ పెన్ను వద్దు, మా తేమకు రెండు వర్షాకాలాల్లో సిరా పాకిపోతుంది, బాల్ పెన్ను నిలుస్తుంది. పుస్తకం దాచాలనుకుంటే గోడకు ఆనించి పెట్టకండి, చెద పడుతుంది. జిప్ కవరులో పెట్టి, లంకల్లో ఉన్నవారైతే వరద నీరు అందని ఎత్తున అటక మీద ఉంచండి. మొదటి పేజీని వదిలిపెట్టి రెండో పేజీలో మొదలుపెట్టమని ఆ అమ్మాయికి చెప్పాను. మొదటి పేజీ ఎలా ఉండాలో అని ఆలోచిస్తూ తను ఇప్పటికే నాలుగు నెలలు ఆగింది.